పెంపుడు కుక్కల్లో మలభక్షణం: మందుపొడి కన్నా చేతిలోని పార మేలు

జనవరి నుంచి మార్చి వరకు నిజామాబాదు జిల్లా భీమ్‌గల్ పరిసర గ్రామాల్లో పసుపు రైతుకు తీరిక ఉండదు. తవ్విన దుంపలను ఉడకబెట్టాలి, కల్లంలో 10 నుంచి 15 రోజులు ఎండబెట్టాలి, కొమ్ములను, మండలను వేరుచేసి మెరుగుపట్టాలి, ఆ తరువాత నిజామాబాదు మార్కెట్ యార్డుకు తరలించాలి. ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి మండలాల్లోనూ ఆ మూడు నెలలు ఇదే పని. కుటుంబం కల్లం వద్ద ఉన్నంతకాలం ఇంటి కుక్క కూడా అక్కడే ఉంటుంది. పగలు నీడపట్టున గొలుసుతో కట్టి ఉంటుంది, రాత్రి కుప్పకు కాపలా కాస్తుంది. పసిపిల్లలకు ఆటతోడు కూడా అదే.

ఇటువంటి ఇళ్లలో పైకి చెప్పుకోవడానికి సంకోచించే సమస్య ఒకటి ఉంది. గేదె చూడి పరీక్షకో, మేకల నట్టల మందుకో పశువైద్యశాలకు వచ్చిన రైతు, పని ముగిసి బయలుదేరే ముందు గొంతు తగ్గించి, "సారూ, మా కుక్క దాని పెంట అదే తింటది, ఏం జెయ్యాలె?" అని అడుగుతాడు. చాలామంది ఆ మాత్రం కూడా అడగరు. అసహ్యంతో కుక్కను కొడతారు, గొలుసు మరింత కురచ చేస్తారు, పిల్లలను దగ్గరకు పోనీయరు. చివరకు దానిని ఊరవతల వదిలివేసే కుటుంబాలూ ఉంటాయి. మందలిస్తే సరిపోయేదానికి కుక్క ఇల్లు కోల్పోతుంది. మరోవైపు వైద్యం అవసరమైన రోగమేదైనా ఉంటే అది గుర్తింపునకు రాకుండానే ఉండిపోతుంది.

పెంపుడు జంతువుల సమస్యలను పట్టణాలకు మాత్రమే చెందినవిగా భావించడం విస్తరణ రంగంలో పరిపాటి. అయితే కుక్క మలం ఎక్కడ పడుతున్నది, ఎంతసేపు అక్కడ ఉంటున్నది అనే ప్రశ్నలు రైతు ఇంటి ఆరోగ్యానికి, కల్లంలోని పంట శుభ్రతకు కూడా సంబంధించినవి. కనుక ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించి, రైతుకు సులభంగా అందించగల సలహాలను క్రోడీకరించడం అవసరం.

మలభక్షణం అంటే ఏమిటి?

జంతువులు మలాన్ని తినే ప్రవర్తనను శాస్త్ర పరిభాషలో కోప్రోఫేజియా అంటారు. అన్ని సందర్భాల్లోనూ ఇది అసహజం కాదు. కుందేలు తన అంధనాళంలో తయారైన మెత్తటి మలగుళికలను గుదం వద్దనే నోటితో అందుకొని మింగుతుంది. వాటిలోని సూక్ష్మజీవుల మాంసకృత్తులు, బి విటమిన్లు దానికి పోషకాలు. అది కుందేలు జీర్ణక్రియలో ఒక భాగమే. గుర్రపు పిల్లలు తల్లి పేడను కొద్దిగా తినడం కూడా సాధారణమే.

కుక్కల విషయంలో మూడు సందర్భాలను వేర్వేరుగా గుర్తించాలి. మొదటిది, ఈనిన తల్లి కుక్క సుమారు మూడు వారాల వరకు పిల్లలను నాకి, అవి విసర్జించిన మలమూత్రాలను తానే తినివేయడం. పిల్లల పడకను శుభ్రంగా ఉంచే ఈ ప్రవర్తనను ఆపవలసిన అవసరం లేదు. రెండవది, ఆవుపేడ, మేక పెంటికలు, కోడి రెట్ట వంటి ఇతర జంతువుల విసర్జకాలను తినడం. పశువులున్న ఇంట్లో ఇది తరచుగా కనిపిస్తుంది. మూడవది, తన మలాన్ని లేదా మరొక కుక్క మలాన్ని తినడం. యజమానులను కలవరపెట్టేది ఇదే.

రైతు "పెంట తింటది" అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది అనేది ముందుగా తేల్చుకోవాలి. పేడకుప్ప వద్దకు వెళ్లే కుక్కకు కంచె పరిష్కారం. తన మలాన్ని తానే తినే కుక్కకు ఆరోగ్య పరీక్ష, తరువాత క్రమశిక్షణ అవసరం.

కుక్క ఎందుకు తింటుంది?

ఈ ప్రశ్నపై విస్తృతమైన సమాచారం అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి లభించింది. బెంజమిన్ హార్ట్, ఆయన సహచరులు రెండు సర్వేల ద్వారా 3,000 మందికి పైగా యజమానుల నుంచి సేకరించిన వివరాలను 2018లో ప్రచురించారు. కనీసం ఆరుసార్లు మలం తింటూ యజమాని కంటపడిన కుక్కను వారు తరచుగా తినే కుక్కగా లెక్కించారు. అటువంటివి 16 శాతం ఉన్నట్లు తేలింది. అంటే ఆరు కుక్కలలో దాదాపు ఒకటి. ఇది అరుదైన వికారం కాదని రైతుకు చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఆ పరిశీలనలో మరికొన్ని ఉపయోగకరమైన విషయాలు వెల్లడయ్యాయి. మలం తినే కుక్కలకు, తినని కుక్కలకు మధ్య బయట విసర్జించే అలవాటు నేర్చుకోవడంలో తేడా కనిపించలేదు. తిండిని ఆత్రంగా మింగే స్వభావం మాత్రం మలం తినే కుక్కలలో ఎక్కువగా కనిపించింది. అవి తినే మలంలో అధికభాగం రెండు రోజుల లోపుది. పాతబడిన మలాన్ని అవి అంతగా ముట్టలేదు.

ఈ చివరి అంశం ఆధారంగా పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు. కుక్కల పూర్వజాతి అయిన తోడేళ్లు తమ గుహకు దూరంగా విసర్జిస్తాయి. రోగంతోనో నీరసంతోనో ఉన్న తోడేలు గుహ వద్దనే విసర్జిస్తే, ఆ మలంలోని అనేక నట్టల గుడ్లు కొన్ని రోజుల తరువాతనే వ్యాధి కలిగించే దశకు చేరుతాయి. అంతకు ముందే ఆ తాజా మలాన్ని తినివేస్తే గుంపుకు ప్రమాదం తగ్గుతుంది. ఆ పూర్వ ప్రవృత్తి నేటి కుక్కలలో మిగిలి ఉండవచ్చునని వారి ఊహ. ఇది ప్రతిపాదన మాత్రమే, నిరూపితమైన సిద్ధాంతం కాదు. అయినప్పటికీ దీని నుంచి ఒక ఆచరణ సూత్రం లభిస్తుంది. కుక్కను ఆకర్షించేది తాజా మలం. కాబట్టి మలం పడిన తరువాత గడిచే తొలి గంటలే కీలకమైనవి.

పరిసరాలు, అలవాట్లు కూడా కారణమవుతాయి. రోజంతా కురచ గొలుసుతో ఒకేచోట కట్టి ఉంచిన కుక్క అక్కడే విసర్జిస్తుంది, దాని ముందే పడుకుంటుంది. చేయడానికి పనిలేని కుక్కకు ఆ మలమే కాలక్షేపం. ఇంట్లో విసర్జించినందుకు దెబ్బలు తిన్న కుక్క మరుసటిసారి ఆనవాలు మిగలకుండా తినివేయడం నేర్చుకోవచ్చు. రెండు మూడు కుక్కలున్న ఇంట్లో ఒకదానిని చూసి మరొకటి పోటీపడవచ్చు. కుక్కపిల్లలు లోకాన్ని నోటితో తెలుసుకుంటాయి. వాటిలో చాలావాటికి పెద్దయ్యేకొద్దీ ఈ అలవాటు తగ్గిపోతుంది.

ముందు రోగం లేదని తేల్చుకోవాలి

పెద్ద వయసు కుక్క ఒక్కసారిగా మలం తినడం మొదలుపెడితే దానిని అలవాటుగా కొట్టివేయరాదు. తిన్నది ఒంటబట్టని స్థితి, విపరీతమైన ఆకలి కలిగించే స్థితి ఉన్నాయేమో పరిశీలించాలి.

క్లోమగ్రంథి లోపం: క్లోమగ్రంథి జీర్ణరసాలను తగినంత ఉత్పత్తి చేయకపోతే కొవ్వు, పిండి పదార్థం, మాంసకృత్తులు జీర్ణం కాకుండానే బయటకు పోతాయి. కుక్క ఎంత తిన్నా బక్కచిక్కిపోతుంది. మలం ఎక్కువ పరిమాణంలో, పాలిపోయి, జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుంది. ఆకలి తీరక ఆ మలాన్నే తిరిగి తింటుంది. జర్మన్ షెపర్డ్ జాతిలో ఈ వ్యాధి ఎక్కువ. రక్తంలో ట్రిప్సిన్‌ను పోలిన పదార్థాన్ని కొలిచే పరీక్షతో దీనిని నిర్ధారిస్తారు. ఈ సౌకర్యం మండల స్థాయిలో ఉండదు కనుక అనుమానం కలిగిన కేసులను పొరుగున ఉన్న జగిత్యాల జిల్లా కోరుట్లలోని పశువైద్య కళాశాలకు గాని, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి గాని పంపించడం మంచిది. ఆహారంతోపాటు క్లోమ ఎంజైములను ఇస్తే కుక్క కోలుకుంటుంది. దీనిలో బి12 విటమిన్ లోపం కూడా తరచుగా ఉంటుంది.

నట్టలు: ఏలికపాములు, కొంకిపురుగులు ఎక్కువగా ఉన్న కుక్క పోషకాలను, రక్తాన్ని కోల్పోతుంది. ఏలికపాములు తల్లి గర్భంలోనే పిల్లలకు సోకుతాయి, పాల ద్వారా కూడా చేరుతాయి. కొంకిపురుగులు తల్లిపాల ద్వారా సోకుతాయి. అందువలన పిల్లలకు రెండు వారాల వయసు నుంచే నట్టల మందు ప్రారంభించి, ఎనిమిది వారాల వరకు రెండు వారాలకొకసారి, ఆరు నెలల వరకు నెలకొకసారి, ఆ తరువాత మూడు నెలలకొకసారి పశువైద్యుని సలహాపై ఇవ్వాలి.

మందులు, ఇతర వ్యాధులు: చర్మవ్యాధులకు వాడే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఆకలిని విపరీతంగా పెంచుతాయి. మధుమేహం, అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేయడం వలన కూడా ఇదే జరుగుతుంది. మలం తినడం ఏదైనా మందు మొదలుపెట్టిన తరువాతనే ప్రారంభమైందా అని అడగడం మరువరాదు.

అన్నం, గంజి, ఎంగిలి

ఈ ప్రాంతపు ఇళ్లలో కుక్కకు పెట్టేది ఎక్కువగా మిగిలిన అన్నం, రొట్టె ముక్కలు, కొంచెం మజ్జిగ. కుక్క అన్నం తినరాదన్న వాదన సరైనది కాదు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులుగా ఉంటే, కుక్కలలో 4 నుంచి 30 వరకు ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో వెల్లడించారు. మనిషి పంచన చేరిన కాలం నుంచి కుక్క మన తిండికి అలవాటుపడుతూ వచ్చింది.

అయితే అన్నం మాత్రమే పెడితే లోపాలు తప్పవు. మాంసకృత్తులు, కాల్షియం, జింక్, ఎ విటమిన్ తగినంత అందవు. తెల్లగా మరపట్టిన బియ్యంలో థయమిన్ తక్కువ. కడిగి, గంజి వార్చినప్పుడు మిగిలినదానిలోనూ కొంత పోతుంది. ప్రయోగశాలలో థయమిన్ లేని ఆహారంపై ఉంచిన బీగిల్ కుక్కలు మలం తిన్నట్లు 1981లో నమోదైంది. దీనినిబట్టి అన్నం తినే ప్రతి కుక్కా మలం తింటుందని చెప్పడానికి వీలులేదు. సమతుల ఆహారం పొందుతున్న కుక్కలు కూడా తింటున్నాయి. కానీ ఆకలితో, లోపంతో ఉన్న కుక్కకు శిక్షణ నేర్పడం వ్యర్థం. కాబట్టి తిండిని ముందుగా సరిదిద్దాలి.

రోజుకు ఒకేసారి పెద్దమొత్తంలో కాక రెండుపూటలా నియమిత వేళకు పెట్టాలి. అన్నం లేదా రొట్టెతోపాటు ఉడికించిన గుడ్డు, ఎముకలు లేని ఉడికించిన కోడిమాంసం, పెరుగు, మెత్తగా ఉడికించిన పప్పు, గుమ్మడి లేదా క్యారెట్ కలపాలి. గంజిని పారబోయకుండా కుక్క తిండిలోనే కలపవచ్చు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక పెట్టరాదు. గొర్రె, మేక కోసినప్పుడు పచ్చి ఊపిరితిత్తులు, కాలేయం కుక్కకు వేయడం ప్రమాదకరం. వాటిలోని నీటితిత్తుల వలన కుక్కలో బద్దెపురుగులు పెరిగి, వాటి గుడ్లు మలం ద్వారా మనుషులకు చేరి హైడాటిడ్ వ్యాధి కలిగిస్తాయి.

పసుపు, కారం, పైనాపిల్

పసుపు పండే నేలలో ప్రతి బాధకూ మొదట గుర్తొచ్చేది పసుపే. కుక్క తిండిలో చిటికెడు పసుపు కలిపితే పొట్టలో పురుగులు చస్తాయని, మలం తినడం మానుతుందని అనుకోవడం సహజం. కానీ పసుపు కలిపినందువలన కుక్క మలం తినడం మానుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నట్టల నివారణకు పైరాంటెల్, ఫెన్‌బెండజోల్, ప్రాజిక్వాంటెల్ వంటి నిర్ధారిత మందులు ఉండగా పసుపుపై ఆధారపడటం వలన విలువైన కాలం వృథా అవుతుంది. చిటికెడు పసుపు హాని చేయకపోవచ్చు. పసుపు వేశామన్న ధీమాతో నట్టల మందు మానివేయడమే హాని.

మలంపై కారం చల్లడం, తిండిలో పైనాపిల్ లేదా బొప్పాయి కలపడం, దుకాణాల్లో దొరికే పొడులు, మాత్రలు వాడటం కూడా ప్రచారంలో ఉన్నాయి. డేవిస్ పరిశోధకులు ఇటువంటి 11 వాణిజ్య ఉత్పత్తుల ఫలితాలను యజమానులను అడిగి తెలుసుకున్నారు. ఏ ఒక్కదాని విజయశాతమూ 2 మించలేదు. కారణం ఊహించదగినదే. మనిషికి చేదుగా తోచినది కుక్కకు చేదు కానవసరం లేదు. పొడిని ఒక కుక్కకు తినిపిస్తే, అది మరొక కుక్క మలం తినవచ్చు. కారం చల్లిన మలాన్ని వదిలి చల్లనిదానిని వెతుక్కోవచ్చు. పైగా కారం కుక్క కళ్లను, ముక్కును గాయపరుస్తుంది. కారం చల్లడానికి మలం దాకా నడిచిన మనిషి, అదే నడకలో దానిని ఎత్తివేయగలడు.

కొట్టడం, మలంలో ముక్కు రాయడం వలన భయం తప్ప ఫలితం లేదు. కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చే యజమానిని చూసి కుక్క ఆ వస్తువు ఎంతో విలువైనదని భావించి మరింత వేగంగా మింగుతుంది, లేదా చాటుగా విసర్జించడం నేర్చుకుంటుంది. జంతువులను హింసించడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం. నిత్యం గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు తగిన నడక, వ్యాయామం కల్పించకపోవడాన్ని కూడా ఆ చట్టంలోని 11వ సెక్షన్ తప్పుగా పరిగణిస్తుంది.

ఆచరించదగిన పద్ధతి

మలం తినాలంటే ముందు మలం అందుబాటులో ఉండాలి. ఈ సామాన్య సూత్రమే నివారణకు పునాది. కుక్క మనసు మార్చడం కష్టం, దాని ఎదుట ఉన్నదానిని తొలగించడం సులభం.

• నియమిత వేళకు తిండి పెడితే విసర్జన కూడా చాలావరకు నియమిత వేళకు జరుగుతుంది. తిన్న కొద్దిసేపటికి కుక్కను గొలుసుతో ఒక నిర్ణీత స్థలానికి తీసుకుపోవాలి. ఉదయం నిద్రలేచిన వెంటనే కూడా తీసుకుపోవాలి.

• కుక్క విసర్జించడం ముగించగానే వెనుదిరిగి వాసన చూసే లోపే పేరుపెట్టి పిలవాలి. యజమాని వద్దకు రాగానే ఉడికించిన గుడ్డు ముక్కనో, మాంసపు ముక్కనో చేతికందించాలి. విసర్జన తరువాత తిరగవలసింది యజమాని వైపు అనే అలవాటు కొన్ని వారాల్లో కలుగుతుంది.

• "వదులు" అనే మాటను ముందుగా ఇంట్లో, తిండి ముక్కలతో నేర్పాలి. ఒక ముక్కను గుప్పిట్లో ఉంచి, కుక్క మూతి వెనక్కి తీసుకున్నప్పుడు అంతకన్నా మంచి ముక్కను రెండవ చేతితో ఇవ్వాలి. ఇంట్లో కుదిరిన తరువాతనే బయట ప్రయత్నించాలి. ఇంట్లో అందరూ ఒకే మాటను వాడాలి.

• కుక్కను పక్కకు తీసుకున్న వెంటనే మలాన్ని పారతో ఎత్తివేయాలి. సాయంత్రం ఊడ్చేటప్పుడు తీద్దామనుకుంటే ఆలస్యమైనట్లే. ఇందుకోసం ఒక చిన్న పార, మూతగల డబ్బా ప్రత్యేకంగా ఉంచుకోవాలి.

• ఎత్తిన మలాన్ని బావికి, బోరుకు దూరంగా తవ్విన ప్రత్యేక గోతిలో వేసి, సున్నం చల్లి మట్టి కప్పాలి. పశువుల ఎరువు కుప్పలో గాని, కూరగాయల పాదుల్లో గాని కలపరాదు.

• ఎరువు కుప్ప, కోళ్లగూడు, మేకల దొడ్డి చుట్టూ కుక్క చొరబడకుండా కంప లేదా వల కట్టాలి.

• కుక్కను రోజుకు రెండుసార్లు నడిపించాలి. కట్టి ఉంచక తప్పని వేళల్లో గొలుసు పొడవుగా ఉండాలి, నీడ, నీరు అందాలి, నమలడానికి ఏదైనా వస్తువు ఉండాలి.

• నడకలో మాత్రమే సమస్య ఉన్న కుక్కకు ఎద్దు చిక్కాన్ని పోలిన బుట్ట ఆకారపు మూతికట్టును కొంతకాలం వాడవచ్చు. అది వేసుకొని కుక్క నోరు తెరిచి వగర్చగలగాలి, నీరు తాగగలగాలి. మూతిని గుడ్డతో, తాడుతో బిగించి కట్టరాదు. నోటితో వగర్చడం ద్వారానే కుక్క ఒంటి వేడిని తగ్గించుకుంటుంది కనుక ఎండాకాలంలో అది ప్రాణాంతకం. మూతికట్టు వేసిన కుక్కను ఒంటరిగా వదలరాదు.

ఈ పద్ధతితో అలవాటు పూర్తిగా పోతుందని హామీ ఇవ్వడం సరికాదు. ఎన్నో నెలలుగా తింటున్న కుక్క అవకాశం దొరికితే మళ్లీ తినవచ్చు. కానీ అవకాశమే దొరకని ఇంట్లో సమస్య ఉండదు. రైతుకు ఈ విషయాన్ని ముందే స్పష్టంగా చెబితే వారం రోజుల్లోనే నిరాశపడడు.

ఇంటికి, కల్లానికి కలిగే ప్రమాదం

తన తాజా మలాన్ని తానే తిన్న ఆరోగ్యవంతమైన కుక్కకు కొత్తగా సోకే వ్యాధులు తక్కువే. ఇతర కుక్కల మలంతో ప్రమాదం ఎక్కువ. పార్వో వైరస్, జియార్డియా కోశాలు విసర్జించిన క్షణం నుంచే వ్యాధి కలిగించగలవు. టీకా పూర్తికాని కుక్కపిల్ల వీధికుక్క మలాన్ని నాకితే రక్తవిరేచనాలతో కొద్దిరోజుల్లోనే చనిపోవచ్చు. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాల వరకు పార్వో టీకాలను విడతలుగా వేయించడం తప్పనిసరి.

మనుషుల విషయంలో ఏలికపాము గుడ్లు ముఖ్యమైనవి. అవి నేలలో వ్యాధికారక దశకు చేరడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ తరువాత మట్టిలో ఏళ్ల తరబడి సజీవంగా ఉండగలవు. మట్టిలో ఆడిన చేతులతో అన్నం తినే పిల్లల కడుపులోకి చేరితే వాటి డింభకాలు కాలేయానికి, ఊపిరితిత్తులకు, అరుదుగా కంటికి పాకి చూపును దెబ్బతీయవచ్చు. కొంకిపురుగు డింభకాలు తడినేలపై ఉత్తకాళ్లతో నడిచేవారి చర్మంలోకి దూరి దురదపుట్టించే వంకర గీతల వంటి వ్రణాలు కలిగిస్తాయి. బ్లీచింగ్ ద్రావణం పార్వో వైరస్‌ను నశింపజేస్తుంది గాని ఏలికపాము గుడ్లను చంపలేదు. గుడ్లు పక్వం కాకముందే మలాన్ని తొలగించడమే మార్గం. కుక్క మలం తినకుండా ఆపే పారే పసిపిల్లను కూడా కాపాడుతుంది.

మలం తినే కుక్క పిల్లల ముఖం నాకకుండా చూడాలి. కుక్కను తాకిన తరువాత, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు నేర్పాలి.

కల్లం విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఉడకబెట్టినప్పుడు పసుపుపై ఉన్న క్రిములు చాలావరకు నశిస్తాయి. కానీ ఆ తరువాత రోజుల తరబడి ఎండే దుంపలపై కుక్క, కోడి, మేక విసర్జిస్తే సాల్మొనెల్లా వంటి బాక్టీరియా మళ్లీ చేరుతుంది. మట్టినేలపై కాక సిమెంటు కల్లంపై గాని, శుభ్రమైన టార్పాలిన్‌పై గాని ఆరబెట్టాలి. కాపలా కుక్కను కుప్పపైకి ఎక్కలేనంత దూరంలో, ప్రత్యేకంగా విసర్జనకు చోటు చూపి ఉంచాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

ఇంటిని సందర్శించినప్పుడు "మీ కుక్క మలం తింటుందా?" అని సూటిగా అడిగితే సిగ్గుపడి లేదంటారు. "అమ్మా, కుక్క పొద్దున ఎక్కడికి పోతది? దాని పెంట ఎవరు తీస్తరు?" అని అడిగితే విషయం దానంతటదే బయటకు వస్తుంది. ఎవరూ తీయడం లేదని చెప్పి, మలం కూడా కనిపించకపోతే కుక్కే తింటున్నదేమోనని అనుమానించవచ్చు.

అడగవలసిన ఇతర ప్రశ్నలు ఇవి. కుక్క వయసెంత? అలవాటు ఎప్పటి నుంచి? తన మలమా, ఇతర కుక్కలదా, పశువుల పేడా? బరువు తగ్గుతున్నదా? మలం జిడ్డుగా, ఎక్కువగా ఉన్నదా? ఏమి పెడుతున్నారు, ఎన్నిసార్లు? నట్టల మందు చివరిసారి ఎప్పుడు వేశారు? గొలుసుతో ఎంతసేపు కడుతున్నారు? ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలు ఉన్నారా? రెండు వారాల పాటు తిండి వేళ, విసర్జన వేళ, మలం తిన్నదా లేదా అనే మూడు అంశాలను కాగితంపై రాసిపెట్టమని చెబితే కారణం చాలావరకు తేటతెల్లమవుతుంది.

ప్రయోగశాలలో పనిచేసే విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ఇతర జంతువుల విసర్జకాలు తిన్న కుక్క మలపరీక్షలో కోళ్లకు, మేకలకు చెందిన కాక్సీడియా కోశాలు, పశువుల నట్టల గుడ్లు కనిపించవచ్చు. అవి కుక్కకు సోకినవి కావు, దాని పేగుల గుండా ప్రయాణించి బయటపడినవి మాత్రమే. తన మలం తాను తిన్న కుక్కలో దాని సొంత నట్టల గుడ్లు కూడా లెక్కకు మించి కనిపించవచ్చు. రెండు మూడు రోజులు మలం తినకుండా చూసి తిరిగి పరీక్షించిన తరువాతనే చికిత్స నిర్ణయించాలి.

పశువులకు ఐవర్‌మెక్టిన్ వేసిన తరువాత కొన్ని రోజులపాటు ఆ మందు పేడలో వెలువడుతుంది. కోలీ, దాని సంబంధ జాతులకు చెందిన కొన్ని కుక్కలలో జన్యులోపం వలన ఈ మందు మెదడులోకి ప్రవేశించి తూలడం, మూర్ఛ, మరణం వరకు దారితీయవచ్చు. సామూహిక నట్టల నివారణ కార్యక్రమాల తరువాత ఇంటి కుక్కను పేడకుప్పకు దూరంగా ఉంచమని రైతులకు చెప్పడం మంచిది.

ముగింపు

మలభక్షణం కుక్క చేసిన తప్పు కాదు, యజమాని పెంపకానికి అవమానమూ కాదు. కొన్నిటిలో అది రోగలక్షణం, కొన్నిటిలో ఆకలి, కొన్నిటిలో విసుగు, మరికొన్నిటిలో బహుశా పూర్వకాలపు ప్రవృత్తి. రోగముంటే వైద్యం చేయించాలి, తిండి చాలకపోతే సరిదిద్దాలి, గొలుసు పొడవు పెంచి నడిపించాలి. ఆ తరువాత మిగిలేది రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి రెండు నిమిషాల పని. మలం పడగానే కుక్కను పిలిచి ముక్క చేతికివ్వాలి, పారతో ఎత్తివేయాలి. ఖర్చు లేని ఈ పనితో కుక్క ఇంట్లోనే ఉంటుంది, పిల్లలు మట్టిలో నిర్భయంగా ఆడుకుంటారు, కల్లంలోని పసుపు శుభ్రంగా మార్కెట్‌కు చేరుతుంది.